పేర్లు మార్చడమైనది

మార్చి 7, 1982. తిరువళ్ళూరు

నా గైడు రత్నస్వామి సార్ నాలుగో అధ్యాయం తిరిగి ఇచ్చారు. మొదటి మూడు అధ్యాయాల్లో ఎర్ర సిరా లేని పేజీ లేదు. దీనిలో మాత్రం వెతుక్కోవాలి. ఎప్పుడూ తిట్లు పడే నాకు ఒక మెచ్చుకోలు దొరికింది. "ఈ అధ్యయనానికి ప్రాణం ఈ కేసే" అని మార్జిన్‌లో రాశారు. దాని కింద, "మొక్కు దేని కోసమో స్పష్టంగా రాయి." ఇంకా కింద, "ఒక్క ఉదాహరణ మీద వాదం నిలబడదు. రెండోది కావాలి."

సెంట్రల్ నుంచి తిరువళ్ళూరు దాకా లోకల్ రైల్లో ఆ మొదటి వాక్యమే చూసుకుంటూ వచ్చాను. పక్కనున్నావిడ పెళ్ళి పత్రిక అనుకుని ఉంటుంది.

నా ఎం.ఫిల్. మొత్తం ఆ పేజీ మీద ఉంది. ఆ పేజీ దేవకి అత్తది. అత్తను అడగలేదు.

అడుగుతాను. ఈ నెలలోనే ఊరికి వెళ్ళి అడుగుతాను.

మార్చి 9

తమ్ముడు ఈ డైరీ తిరగేసి, "ఏందక్కా ఇది, జాంగిరీలు చుట్టి పెట్టినావు" అని నవ్వి పారేసి పోయాడు. వాడికి చదవడం తమిళమే వచ్చు. తెలుగు బడిలో వేసినందుకు నాన్నను చిన్నప్పుడు తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో నాకంటూ ఒక తాళం ఉంది.

అందుకని అత్త చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తాను. థీసిస్‌లో రాసింది పక్కన పెట్టుకుని చూడాలి.

జనవరిలో అత్తిమంజేరిపేటలో ఇల్లిల్లూ తిరిగాను. మా రైతు ఇళ్ళ ఆడవాళ్ళు తిరుత్తణి కొండకు ఏమేం మొక్కుతారు, ఎందుకు మొక్కుతారు అన్నది నా విషయం. నాన్న అక్క కాబట్టి దేవకి అత్త ఇంట్లోనే దిగాను. అందరినీ అడిగినట్టే ఆమెనూ ప్రశ్నల కాగితం పెట్టుకుని అడిగాను. మామ పోయినప్పుడు కొండ మీద గుండు ఎందుకు ఇచ్చావు? "ఆయన ఆత్మ శాంతి కోసరం" అంది. రాసుకున్నాను. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టాను.

మర్నాడు దొడ్లో కూచోబెట్టి నాకు తలకు నూనె పెడుతోంది. ఆమె మొహం నాకు కనబడదు, నా మొహం ఆమెకు కనబడదు. అప్పుడు చెప్పింది.

"మీ మామ కొట్టేవాడు మే. ఊరంతా ఎరుగును, ఎవురూ అడగరు. ఒక ఆడికృత్తిక పండగకు కొండెక్కి, సామీ, ఆ చెయ్యి ఇంక నా మీద పడకుండా చెయ్యి, నా జుట్టు నీకిస్తా అని మొక్కుకున్న్యా. సంక్రాంతి రాకముందే బావి కాడ మోటారు షాకు కొట్టి పోయినాడు. మొక్కు మొక్కే గదా, పోయి మొట్ట కొట్టించుకోనొచ్చినా. పావం, మొగుడి కోసరం ఇచ్చినాదే అని ఊరోళ్ళంతా ఏడ్చినారు. నేనూ ఏడ్చినా. ఎందుకు ఏడ్చినానో ఇప్పటిదాంకా తెలీదు. నీకే చెప్తా ఉండా, ఇంకెవురికీ తెలీదు."

అని జడ అల్లి, రిబ్బను కట్టి, పొమ్మంది.

బస్సెక్కి తిరుత్తణి చేరేలోపు అంతా రాసేశాను. అక్షరాలు వణికాయి. ఆ రోడ్డు అలాంటిది.

ఇప్పుడు థీసిస్‌లో ఉన్న ఇంగ్లీషు వాక్యం: భర్త మరణాన్ని కోరుతూ ఆమె మొక్కుకుంది. సార్ స్పష్టంగా రాయమన్నారు కదా. చెయ్యి పడకుండా చెయ్యమంది అని రాస్తే ఇంకో పేరా వివరణ కావాలి. మరణం అంటే ఒక్క మాటలో అయిపోతుంది.

అత్త ఆ మాట అనలేదు.

మార్చి 21

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అలమేలు చివరి ప్రతి కొడుతోంది. పేర్లు మార్చాలి, ఇంకా ఆనవాళ్ళు ఏవైనా ఉంటే అవీ మార్చాలి అని సార్ మరీ మరీ చెప్పారు. మామూలు మొక్కుల వాళ్ళ పేర్లు అలాగే వదిలేశాను, దాచాల్సింది అత్తనే. నేను దారిపొడుగునా వేరే ఆలోచనల్లో ఉన్నాను. అలమేలు మీటల మీద వేళ్ళు పెట్టి, "ఈమె పేరు ఏం కొట్టాలి?" అంది. వెనక ఇంకెవరో కాగితాలు పట్టుకుని సణుగుతున్నారు.

వళ్ళియమ్మ అన్నాను. తిరుత్తణి చుట్టుపక్కల ఇంటికొక వళ్ళి ఉంటుంది.

"మోటారు షాకు అట్లనే ఉండనీనా?"

వద్దు, లారీ గుద్దింది అని కొట్టు అన్నాను. ఊరి పేరు కూడా ఏదో ఒకటి పెట్టేశాం. థీసిస్ మొదట్లో, నాలుగో పేజీ అడుగున, గీత కింద, చిన్నగా: "ఈ అధ్యయనంలో పేర్లు, కొన్ని వివరాలు మార్చడమైనది."

ఆ ఫుట్‌నోట్ కొట్టాక ప్రాణం తేలికపడింది. ఇంక అత్తను అడగకపోయినా తప్పు లేదేమో.

ఏప్రిల్ 4

అత్త ఊరికి వెళ్ళి వచ్చాను. అడగడానికే వెళ్ళాను. వడియాలు పెడుతున్నారు, ఇంటి నిండా జనం. జనం పోయాక బస్సు టైమైంది.

ఏప్రిల్ 19

థీసిస్ ఇచ్చేశాను. జూన్ చివర వైవా ఉంటుందన్నారు. జూలై ఆఖరులోపు అయిపోతే మహిళా కాలేజీలో ఒక టెంపరరీ లెక్చరర్ పోస్టు నాకే అని సార్ మాట ఇచ్చారు. ఆవడి ఫ్యాక్టరీలో చేరిన నాటి నుంచి నాన్న ఈ మాట కోసం కాచుకుని ఉన్నాడు.

నాన్న మిగిలిన కార్బన్ కాపీకి పసుపు రాసి, తువ్వాలులో చుట్టి ఊరికి బయలుదేరాడు.

"యాడికి నాయనా?"

"మన వూరిని గురించి రాసింది మన వూర్లో ఒకటి ఉండద్దా మే? హైస్కూలు అరుణాచలం మాస్టరు అడిగినాడు."

ఊరి పేరు మార్చానని ఆయనకు తెలియదు. అది మన ఊరు కాదని నేను అనలేను. ఇంగ్లీషే కదా, ఎవరు చదువుతారు అనుకున్నాను. నాన్న మొహం చూసి ఇవ్వనని చెప్పడం నా వల్ల కాలేదు.

మే 2

నాన్న ఊరి నుంచి వచ్చి సంబరంగా చెబుతున్నాడు. అరుణాచలం మాస్టరు రోజూ సాయంత్రం బడి వరండాలో కూచుని నా థీసిస్‌ను తెలుగులో చెప్పి వినిపిస్తున్నాడట. చాపలు పరిచి, పెట్రోమాక్స్ పెట్టి. "పురాణం విన్నట్ట వింటా ఉండారు మే. నువ్వు మా గోవిందమ్మవ్వ మాట రాసినావంట గదా, కోడి మొక్కు సంగతి. ఒకటే నవ్వు."

ఎన్నో అధ్యాయం అయిందని అడిగాను.

"రెండు అయిపోయినాది. మూడు జరగతా ఉండాది."

రేపు మొదటి బస్సుకు వెళ్ళాలి.

మే 3

జ్వరంగా ఉంది.

మే 4

జ్వరం లేదు. నిన్న కూడా లేదు.

మే 11. అత్తిమంజేరిపేట

ఏం రాయను. అయిపోయింది.

ఇక్కడికి వచ్చేసరికి నాలుగో అధ్యాయం చదివేసి అప్పుడే నాలుగు రోజులైంది. అత్త నన్ను చూసి లోపలికి రమ్మనలేదు. దొడ్డివైపు పిలిచింది. మామ తమ్ముడు దండపాణి ముందు గదిలో ఉన్నాడు. ఆ ఇల్లు ఆయనది, అత్త అందులో ఉంటోంది.

ఆ ఊళ్ళో వళ్ళియమ్మ ఒకతే ఉంది. పక్క వీధి. మొగుడు లేడు. తిరుత్తణి రోడ్డు మీద బెల్లం బండి తోలుకొస్తుంటే లారీ గుద్ది పోయాడు. ఆమె కూడా కొండకు వెళ్ళి గుండు ఇచ్చింది. జనవరిలో ఆమె ఇంట్లో నేను రాగి సంగటి తిన్నాను. ఆమెను ప్రశ్నలు కూడా అడిగాను. ఆత్మ శాంతి కోసమని ఆమె కూడా చెప్పింది, రాసుకున్నాను.

ఊహించి పెట్టాననుకున్న పేరు పక్క వీధిలోంచి వచ్చింది. ఊహించి పెట్టాననుకున్న లారీ కూడా. వెనక ఎవరో సణుగుతుంటే నా బుర్ర దగ్గరగా ఉన్నది తీసి ఇచ్చేసింది. పరిశోధన చేసే బుర్ర.

"మొగుడు సావాలని మొక్కుకున్నాదంట వళ్ళియమ్మ" అన్న మాట ఇప్పుడు ఊరంతా ఉంది.

అత్త గొంతు తగ్గించి మాట్లాడింది. "నాది తీసుకపోయి ఆమెకు తొడిగినావు. తొడిగింది గూడా నాది నాదిగా లేదు. సావాలని నేను యాడ అన్న్యా మే?"

దండపాణి వింటున్నాడేమోనని ముందు గదివైపు చూశాను.

"నాదే అది అని నేనొక మాట అంటే ఆమె బయటపడతాది. నాకు తెలుసు. దండపాణి నన్ను ఈ ఇంట్లో ఒక్క పొద్దు ఉండనీడు. వాళ్ళన్నను సంపినదాన్ని గదా నేను అప్పుడు. అన్నం వడ్డిస్తా వడ్డిస్తా ఆయన వళ్ళియమ్మక్కను తిట్టేది వింటా ఉండా. కూర ఇంకొంచెం ఏసుకో అంటా ఉండా. నువ్వు నన్ను ఎట్లాంటిదాన్ని చేసినావో చూడు."

తర్వాత మాస్టరు దగ్గరికి వెళ్ళాను. ఫుట్‌నోట్ చదవలేదా సార్ అని అడిగాను. పెద్దమనిషి, పాపం, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అడుగున ఆ చిన్న అక్షరాలన్నీ వదిలేసినానమ్మా, వినేవాళ్ళకు అడ్డం గదా. ఊరి పేరు తప్పు పడినాదనుకొని మన వూరి పేరే చదివినా" అన్నాడు. నాలుగో పేజీ తీసి చదువుకున్నాడు. "పేరు మార్చినావంటే, మరి ఇది ఎవురిదమ్మా?" అన్నాడు.

మొగుడు పోయాక కొండకు గుండు ఇచ్చిన ఆడవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే. ఎవరిదీ కాదని చెబితే తప్ప ఆయన రెండో ఇంటికి వెళ్ళిపోతాడు. గుర్తులేదు సార్ అన్నాను. ఎవరిదో చెప్పకుండా పేరు మారిందంటే ఊరు నమ్మదమ్మా అన్నాడు.

అత్త నూనె గిన్నె తీయలేదు.

మే 12

బస్సుకు వెళ్తూ వళ్ళియమ్మ పిన్నమ్మ ఇంటి ముందు నుంచే వెళ్ళాలి. వేరే దారి ఉంటే బాగుండేది. చాటలో కందులు చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది. తిడుతుందని నిలబడ్డాను.

"ఎండలో పోతా ఉండావే, మజ్జిగ తాగి పో" అంది.

తాగాను. ఏమీ అడగలేదు. కాదని అనలేదు. నేనేం చేశాను, ఇట్ల ఎందుకు రాసినావు అని ఒక్క మాట లేదు. నన్నే చూస్తూ కూచుంది.

ఆమెకు పూర్తిగా అర్థం కాలేదేమో. అంత బాధ లేదేమో. బస్సులో ఇదే అనుకుంటూ వచ్చాను.

జూన్ 6

తిరువళ్ళూరు స్టేషన్లో షణ్ముగం కనబడ్డాడు. వళ్ళియమ్మ పిన్నమ్మ కొడుకు. ఇక్కడ రైస్ మిల్లులో పనిచేస్తాడు, శనివారం శనివారం అమ్మ దగ్గరికి వెళ్ళేవాడు. నేను కనబడనట్టు పక్కకు తిరిగాను. ఆయనే వచ్చాడు.

"కాంచనా, నిన్ను ఒక మాట అడగాల. మా నాయన సావాలని మా యమ్మ మొక్కుకున్నాదని నువ్వే రాసినావంట. నీతో చెప్పినాదా?"

"అది కాదన్నా, పేర్లు మార్చినాము. అది మీ అమ్మ గురించి కాదు."

ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో విప్పుకుంది. "నిజంగానా? మరి ఎవురి గురించి?"

నేను సిగ్నల్ వైపు చూశాను.

"చెప్పు. మా యమ్మది కాదని నమ్మల్లంటే ఇంకెవురిదో చెప్పల్ల గదా. ఆమెను అడిగినా. ఔననదు, కాదనదు. ఊరికే చూస్తాది. నేను ఇంటికి పోయి వారాలయింది. మా నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకొని కొండెక్కినాడు. ఆయనకు ఈమె ఇట్ల..."

రైలు వచ్చింది. అన్నా, రైలొచ్చింది అన్నాను. నేను పోవలసింది ఆ రైలు కాదు. ఎక్కేసి పుట్లూరులో దిగి వెనక్కి వచ్చాను.

జూన్ 10

వైవా అయ్యాక చెబుతాను. ఇప్పుడు చెబితే సార్‌కు చెడ్డపేరు. మాస్టరుకు బాధ. నాన్నకు తలవంపు. ఉద్యోగం వస్తే అత్తను తెచ్చి ఇక్కడ పెట్టుకోవచ్చు, అప్పుడు దండపాణి ఏమంటే మాత్రం ఏం? ఇదంతా అత్త కోసమే కదా.

పైన రాసింది చదువుకుంటే ఎంత బాగుందో. వాక్యానికి వాక్యం తగులుకుంటూ.

జూన్ 20

వైవా జూలై 19కి వాయిదా. సరే. అప్పుడు చెబుతాను.

జూలై 11

నాన్న ఊరి నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా కూచున్నాడు.

ఆడికృత్తికకు మా ఊరి నుంచి కావడి జట్టు తిరుత్తణికి నడిచి వెళుతుంది. దండపాణి దానికి పెద్ద. ఏటా వాళ్ళకు కొండ కింద పొంగలి వండేది వళ్ళియమ్మ. మొగుడు పోయిన మరుసటి సంవత్సరం నుంచీ ఆమే. ఈసారి రావద్దన్నారట. ఆ చేతి వంట తిని కావడి ఎత్తితే మైల అని దండపాణి అన్నాడట. ఆమె సరే అని, తన ఇంట్లో ఉన్న జట్టు గుండిగ తోమి, బయట పెట్టి, తలుపు వేసుకుందట.

"ఆమెను గురించి ఎందుకు రాసినావు మే? నీకు అన్నం పెట్టినాది గదా" అన్నాడు నాన్న.

"ఆమె గురించి రాయలేదు నాయనా."

"మరి ఎవురి గురించి?"

ఆయన అక్క గురించి. చెప్పలేక వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి ఆయన వచ్చి గడప మీద నిలబడ్డాడు, నీళ్ళు అడిగాడు, తాగి వెళ్ళిపోయాడు. థీసిస్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఏప్రిల్‌లో ఆ కాగితాలకు పసుపు రాసిన మనిషి.

జూలై 12

ఆ పేరు వెనక ఉన్నది ఎవరో చెబితే అత్త పోతుంది. చెప్పకపోతే వళ్ళియమ్మ పోతుంది. ఇద్దరికీ తగలకుండా ఒకటే మాట ఉంది. అలాంటి మనిషే లేదు, మొత్తం నేను కల్పించాను అని.

పరిశోధన చేసేవాళ్ళు అనగూడని మాట అదొక్కటే. అంటే డిగ్రీ ఉండదు, పోస్టు ఉండదు. కల్పించని ఒకే ఒక్కదాన్ని కల్పించానని చెప్పాలి.

పొద్దుటి నుంచీ ఇంకో దారి వెతుకుతున్నాను. వెతకడమంటే నాకు తెలుసు, లేదని తెలిశాక కూడా వెతుకుతున్నట్టు కూచోవడం.

జూలై 14. అత్తిమంజేరిపేట

చెప్పేశాను.

మిల్లు దగ్గరికి వెళ్ళి షణ్ముగాన్ని వెంటబెట్టుకుని వచ్చాను. రానన్నాడు. "మీ అమ్మ గురించే, రా అన్నా" అంటే వచ్చాడు. చదివి వినిపించిన రోజుల్లో లాగే అందరినీ బడి వరండాకు పిలిపించమని మాస్టరును అడిగాను. కావడి జట్టు ఉంది, దండపాణి ఉన్నాడు. వళ్ళియమ్మ పిన్నమ్మ మెట్ల కింద, ఆడవాళ్ళకు దూరంగా కూచుంది. దేవకి అత్త స్తంభం దగ్గర.

వళ్ళియమ్మ పిన్నమ్మ నాకు అలాంటిది ఏమీ చెప్పలేదని అన్నాను. ఎవరూ చెప్పలేదు. సార్ మెచ్చుకోవాలని నేనే అల్లి రాశాను. పేరు కూడా నోటికి వచ్చింది పెట్టాను. తప్పు నాది.

ముందు దండపాణి లేచి, "సదువుకున్న ఆడపిల్ల సేసే పనేనా ఇది? మీ నాయన, ఏకాంబరం బావ, ముందరే రెండు తగిలించుంటే సరిగా ఉండేది" అన్నాడు. అందరూ మాట్లాడారు. పడ్డాను. పడుతుంటే సుఖంగా ఉంది, అది కూడా రాయాలి. ఇన్ని నెలల్లో మొదటిసారి తిట్లు సరైన చిరునామాకు వచ్చాయి. తిట్టిన కారణం మాత్రం సరైంది కాదు.

అరుణాచలం మాస్టరు తిట్టలేదు. "నా నోటితో చదివినాను గదమ్మా. ఆమె ముందరే కూచోబెట్టుకొని" అన్నాడు. మీ సార్‌కు నేను రాయాల్సి వస్తుంది అన్నాడు. నేనే చెబుతానన్నాను.

షణ్ముగం మెట్లు దిగి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. పెట్టి నావైపే చూసింది. సంతోషంగా ఉందని రాయాలని ఉంది. అది సంతోషం కాదు. ఏమిటో నాకు తెలియలేదు.

అత్త నాతో, "మంచి పని చేసినావు" అంది. ఇంటికి వచ్చాక, అన్నం పెడుతూ, నన్ను చూడకుండా, "ఇన్నేండ్లకు ఒక్కతికి చెప్పినా. ఆ ఒక్కతి గూడా అట్లాంటిది లేనే లేదు అనేసినాది" అంది. కోపంగా అనలేదు. చారు పోసి లేచి వెళ్ళిపోయింది.

జూలై 16

సార్‌తో చెప్పాను. నాలుగో అధ్యాయంలో ఆ కేసు కల్పితం, తీసేస్తాను అని.

ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ కూచున్నారు. "మొత్తం థీసిస్‌లో కల్పించినట్టు నాకు అనిపించినవి రెండు మూడు ఉన్నాయమ్మా. అది మాత్రం కాదు" అన్నారు. నేను నేల చూశాను. అడిగితే చెప్పేసేదాన్నేమో. అడగలేదు. వైవా రద్దు చేయించి, ఏడాది తర్వాత కొత్తగా రాసి ఇమ్మన్నారు. పోస్టు వేరే ఎవరికో వెళుతుంది.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నారు, "చెప్పినవాళ్ళను అడిగి రాయాలని నేను నేర్పలేదు. నేర్పి ఉండాల్సింది."

ఆడికృత్తిక మర్నాడు. తిరువళ్ళూరు

నిన్న తిరుత్తణిలో ఇసుక వేస్తే రాలనంత జనం. నాన్న నన్ను రమ్మనలేదు, నేనే వెళ్ళాను. మా ఊరి జట్టు కొండ కింద దిగింది. పొంగలి వళ్ళియమ్మ పిన్నమ్మే వండింది. దండపాణి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. అత్త విస్తర్లు వేసింది.

కావడులు పైకి వెళ్ళాక, పిన్నమ్మ కొళాయి దగ్గర గుండిగ తోముతోంది. నేను కూచుని చింతపండు రుద్దసాగాను. అందరూ దూరంగా ఉన్నారు. అత్త కింద మెట్ల మీద మిగిలిన ఆకులు సర్దుతోంది.

"పాపా, ఎవురు చెప్పినారు నీకు?" అంది పిన్నమ్మ.

"ఏది పిన్నమ్మా?"

"నా మొక్కు."

చెయ్యి ఆగిపోయింది.

"మా యమ్మకు గూడా చెప్పలేదే నేను. ఆయన సావాలనే అడిగినా. వేరే మాట లేదు. ఈ మెట్ల మీదే నిలబడుకోని అడిగినా. నువ్వు ప్రశ్నలు పట్టుకోనొస్తే ఆత్మ శాంతి అని చెప్పి పంపించినా గదా. మరి మాస్టరు చదవతా ఉంటే ఒళ్ళు సల్లబడిపోయినాది. పేరు నాది, లారీ నాది, మాట నాది. సరే, సామే బయట పెట్టేసినాడు, ఇంక దాసేది లేదు అనుకున్న్యా. వంటకు రావద్దన్నారు, సరే అన్న్యా. కొడుకు రాలేదు, అదొకటే ఓర్సుకోలేకపోయినా. అయినా పండుకుంటే నిద్ర పట్టేది పాపా. అన్నేండ్ల తర్వాత."

నేను ఆమె చేతులే చూస్తున్నాను. బూడిద, చింతపండు.

"అప్పుడు నువ్వొచ్చి అబద్ధమన్నావు. వాడు తప్పయిపోయినాదమ్మా అని కాళ్ళు పట్టుకున్నాడు. వాడికి నేనేం చెప్పేది? తల నిమిరినా. మళ్ళీ అంతా లోపల పెట్టుకున్న్యా."

ఏడుపు వచ్చింది, ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది.

"ఏడవద్దు. నేనొకటి ఆలోసించినా. నాది నీకు తెలియదు. అయినా నువ్వు రాసినావు. అంటే నాలాంటిది ఇంకొకతి యాడో ఉండాది, ఆమె చెప్పినాది నీకు. ఎవురని అడగను. పేరొద్దు, ఊరొద్దు. ఉండాది అని మాత్రం చెప్పు. ఒక్క మాట."

అత్త కింద నుంచి తల ఎత్తి మావైపు చూసింది. చేతిలో ఆకుల కట్ట.

ఉంది పిన్నమ్మా, అదిగో ఉంది. నాలుక చివర దాకా వచ్చింది. ఒక్క మాట అడిగింది, పేరు వద్దంది. కానీ ఆ ఊళ్ళో ఆ మాట చాలు. ఆమె ఇంటికి వెళ్ళేలోపు తెలిసిపోతుంది. నీకే చెప్తా ఉండా అన్న మనిషి కింద నిలబడి ఉంది.

"లేదు పిన్నమ్మా. నేను అల్లి రాసిందే" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"అట్లనా" అంది. గుండిగ తిప్పి అవతలివైపు తోమడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు అత్త అడిగింది, "వళ్ళియమ్మక్క నీతో అంతసేపు ఏమంటా ఉన్నింది?"

"ఏం లేదత్తా."

"నా మాటకు గూడా ఇట్లనే అని ఉండాల్సింది నువ్వు" అంది అత్త. తర్వాత నా జడ ఊడిపోయిందని చూసి, నడుముకు దోపుకున్న దువ్వెన తీసింది. దువ్వుతుందనుకుని వెనక్కి తిరిగాను. దువ్వెన నా చేతిలో పెట్టింది.

వాళ్ళ బస్సు ముందు వచ్చింది. కిటికీలోంచి చూశాను. చోటు లేక ఇద్దరూ ఒకే సీట్లో కూచున్నారు, అత్త లోపలివైపు, పిన్నమ్మ ఇవతలివైపు, ఒళ్ళో గుండిగ. మాట్లాడుకోవడం లేదు. ఆ బస్సులో ఒకరి పక్కన ఒకరు ఊరిదాకా వెళ్ళి, ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

ఆగస్టు 20

కొత్తగా రాయడానికి పాత కాగితాలు తీశాను. సార్ ఎర్ర సిరాతో రాసిన పేజీ చేతికి వచ్చింది. రెండోది కావాలి.

దాని పక్కన పెన్సిలుతో "దొరికింది" అని రాశాను. కూచుని చూశాను. తర్వాత రబ్బరు పెట్టి రుద్దాను, రుద్దిన చోట కాగితం చిరిగేదాకా.